బావ గోడకు పూసిన సిమెంటు

తొమ్మిదేళ్ళుగా ఒక గోడను మోస్తున్నాను. పడిపోయిన గోడ. నా పేరు చెప్పను. చెప్పినా మీరు గుర్తుపట్టేంత పేరు నాకు లేదు. బాపట్ల చుట్టుపక్కల మట్టిగోడలు పెట్టే మేస్త్రిని, అంతే.

మా అక్కను రేపల్లెలో ఇచ్చాం. మా నాన్న సమాధి దగ్గర అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే, బావ నన్ను ముందుకు తోసి, "కానివ్వరా, మట్టిపని నీకు అలవాటేగా" అన్నాడు. కొందరు నవ్వారు. ఆ నవ్వులు ఇప్పటికీ లెక్కపెట్టి చెప్పగలను.

బావ వాళ్ళది మట్టిగోడల ఇల్లు. ఏటా క్రిస్మస్‌కు సున్నం వేసేవారు. ఆ ఏడు వానలు వెలిసీ వెలవకముందే, పండక్కి సిమెంటు పూత పూయమని నాకే కబురు చేశాడు. మట్టిగోడ నేలలోని తడిని పీల్చి ఎండకు వదిలేస్తుంది. సున్నం అడ్డు రాదు. సిమెంటు మాత్రం ఆ తడిని లోపలే బంధిస్తుంది. గోడ మెల్లగా ముద్దవుతుంది. నాకు క్షుణ్ణంగా వచ్చిన విద్య ఇదొక్కటే. గోడలో వేలు గుచ్చి చూశాను. మెత్తగా దిగింది.

"నానిన గోడ కదరా బామ్మర్దీ, ఏం కాదుగా?"

"ఏం కాదు బావా. రాయిలా ఉంటది."

అడిగాడండీ. అడిగాడు.

తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ వెళ్ళి, కేకు తింటూ, ఎవరూ చూడకుండా గోడను తట్టేవాణ్ణి. మొదటి ఏడు గట్టి చప్పుడు. రెండో ఏడు డొల్ల. సంతోషించాను. కూలితే ఎవరి మీద పడుతుందో ఆలోచించలేదా? ఆలోచించాను. బావ పడకకుర్చీ ఆ గోడకే ఆనుకుని ఉండేది.

మరుసటి వానల్లో, పట్టపగలు కూలింది. వెలుతురు బాగుందని అక్క ఆ కుర్చీని జరిపి, తన కుట్టుమిషను అక్కడ వేసుకుందట. కుడికాలు నలిగిపోయింది. మళ్ళీ మిషను తొక్కలేదు.

తెనాలి ఆసుపత్రిలో బావ నా చొక్కా పట్టుకున్నాడు. మంచం మీది నుంచే అక్క అంది: "వాణ్ణేం అనకండి. మా తమ్ముడి చేతిలో లోపం లేదు. గోడే పాతది."

నేను తల ఊపాను.

బావ మీద కోపం పోయిందా? పోలేదు. అదీ దాచను. అక్కకు ఇంకా చెప్పలేదు. చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. గోడ తడిగా ఉందని నాకు తెలుసు. తెలిసే పూశాను. ఇన్నేళ్ళకు ఈ మాట బయటికి వచ్చింది.