తడి మట్టిని నమ్మని సారు

మా మట్టి సారు పోయారు. కోరుట్ల నుంచి ఫోన్ రాగానే నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. బతికుండగా ఆయనకు కుర్చీ చూపించని వాళ్లు ఇప్పుడు దండలు పట్టుకుని ఆయన ఇంటి ముందు ఫొటోలు దిగుతున్నారట.

సారు భూసార పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. టార్చిలైటంత యంత్రాన్ని సంచిలో వేసుకుని చేన్లు తిరిగేవారు. అది మట్టి మీద వెలుగు వేస్తుంది, తిరిగొచ్చే వెలుగును బట్టి నేలలో సత్తువెంతో చెబుతుంది; మట్టి ముదురుగా కనబడితే సత్తువ ఎక్కువ చూపుతుంది. ప్రతిసారీ ముందుగా ఒక తెల్లబిళ్లను రుమాలుతో తుడిచి యంత్రానికి చూపించేవారు. "తెలుపంటే ఏందో ముందుగాల దీనికి ఎరుక జెయ్యాలె. లేకుంటే తోచింది చెప్తది, మన లీడర్ల లెక్క" అనేవారు.

కొడిమ్యాల దగ్గర, తరతరాలుగా సెంటు భూమి లేని కూలీలకు సర్కారు ఇచ్చిన నేల ఉంది. ప్లాట్ల వ్యాపారి ఒకడు దాని మీద కన్నేశాడు. చచ్చిన నేల, పంట రాదు, వెనక్కి తీసుకోండని అర్జీ పెట్టించాడు. కూలీల తరఫున కొట్లాడుతున్న మేం సారును పిలుచుకొచ్చాం. యంత్రం బ్రహ్మాండమైన సత్తువ చూపింది. నేను ఎగిరి గంతేశాను.

ఆ నేల దున్నుకునే అవ్వ, ఒకప్పుడు సిరిసిల్లలో నూలుకు రంగులద్దిన మనిషి, మూతి తిప్పింది. "నిన్న వాన గొట్టింది గద సారూ. తడి నూలు ముదురుగ కనవడ్తది. గా రంగు జూసి బేరం జేస్తరా ఎవలన్న?"

"తప్పు నాదే అవ్వా" అని సారు ఆ అంకెలన్నీ కొట్టేశారు.

నేను కొట్లాడాను. "మనకు పనికొచ్చేది చెరిపేస్తరేంది సారూ? వాళ్లు అబద్ధాలతోనే బతుకుతున్నరు గద!"

"గందుకే మనకద్దు. రేపు వాన సంగతి వాళ్లే అడుగుతరు."

మట్టిని పొట్లాలు కట్టి తీసుకుపోయి, తన వరండాలో పేపర్ల మీద ఆరబెట్టి మళ్లీ చూశారు. సత్తువ తగ్గింది, కానీ చచ్చిన నేల కాదు. విచారణలో వ్యాపారి మొదటి ప్రశ్న వాన గురించే. సారు ఎండిన పొట్లం బల్ల మీద పెట్టారు. నేల నిలిచింది. ఆనాడు నా మాట నెగ్గి ఉంటే పోయేది. ఇన్నాళ్లూ ఎక్కడా ఒప్పుకోలేదు, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

నేను కోరుట్ల చేరేసరికి ఆ వ్యాపారే సారుకు దండ వేసి "మహనీయుడు" అన్నాడు. సిగ్గుండాలి. తలలూపిన వాళ్లకూ ఉండాలి.

వరండాలో ఎవరి చేనుదో మట్టి పేపర్ల మీద ఇంకా ఆరుతోంది. అవ్వ దండల వైపు చూడలేదు. ఆ మట్టి ముందు కూర్చుని వేళ్లతో మెల్లగా తిరగేస్తోంది.

"అడుగున ఇంక తడి ఉన్నది" అంది.