చిన్నమ్మ పట్టుకున్న చెయ్యి

నా చిన్నప్పుడు మేము సిద్దిపేటలో రెండు వాటాల ఇంట్లో ఒక వాటా కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. రెండో వాటాలో మోటార్లు బాగుచేసే ఒకాయన, ఆయన భార్య, ఆయన తల్లి ఉండేవారు. ఆయన మా నాయినను అన్నా అని పిలిచేవాడు కాబట్టి ఆయన భార్య నాకు చిన్నమ్మ. మా నాయిన ఆమెకు బావ. ఆ రోజుల్లో మొగుడి అన్న వరస అంటే మాటలా! ఆయన ఎదురుపడితే కొంగు సర్దుకుని తలుపు చాటుకు జరగాల్సిందే. వాకిలి ఒకటే, బోరు ఒకటే, అయినా వాళ్ళిద్దరూ ఒక్కనాడు కూడా నేరుగా మాట్లాడుకోలేదు. ఏది చెప్పాలన్నా మధ్యలో నేనుండాలి. "మీ నాయినకు చెప్పు" అని ఆమె, "మీ చిన్నమ్మకు చెప్పు" అని ఆయన. వాళ్ళ మాటలు మోసీ మోసీ నాకు విసుగు వచ్చేది.

మా నాయిన రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా తవుడు, దుమ్ము, చెమట. నీళ్ళు పోసుకున్నాకే ఆయన నోట మాట వచ్చేది. అది నడి ఎండాకాలం. ఆ రోజు వచ్చి చూస్తే తొట్టిలో చుక్క నీళ్ళు లేవు. మోటరు వేస్తే బుయ్యిమని మూలిగి ఊరుకుంది. మా అమ్మ బిందె పట్టుకుని పక్క గల్లీకి నీళ్ళకు పోయింది. బాగుచేయాల్సిన మనిషేమో నంగునూరు వైపు ఎవరిదో బోరు మోటరు ఎత్తడానికి పొద్దుననగా పోయాడు.

నాయిన కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత లేచి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, వాకిలి చివర గోడకున్న మోటరు డబ్బా మూత విప్పాడు. లోపల కండెన్సర్ నుంచి ఒక వైరు ఊడి వేలాడుతోంది. కండెన్సర్ అంటే మోటరు తిరగడానికి మొదట ఊపు ఇచ్చే డబ్బీ లాంటిది. వైరు తగిలిస్తే పని అయిపోతుందని ఆయన అనుకున్నాడు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

చిన్నమ్మ తలుపు సందులోంచి చూసి నన్ను పిలిచింది. "మీ నాయినకు చెప్పు బిడ్డా. ఫ్యూజు పీకినా కండెన్సర్ల కరెంటు ఉంటది. చెయ్యి పెట్టద్దను. మీ చిన్నాయిన వచ్చి చూస్తడను."

నేను పోయి చెప్పాను. నాయిన తల కూడా తిప్పలేదు. "ఫ్యూజు నా జేబుల ఉన్నది. ఇగ కరెంటు యాడికెల్లి వస్తదట? పోయి చెప్పు" అన్నాడు. మా నాయిన మొండివాడు కాదు. మామూలు రోజైతే ఆగేవాడే. కానీ ఒళ్ళు అలసిపోయినప్పుడు మనిషికి చెవులుండవు, ఎప్పుడు పని ఒడుస్తుందా, ఎప్పుడు నడుము వాలుద్దామా అనే ఉంటుంది.

నేను ఆయన మాట మోసుకుని తాపీగా వెనక్కి నడుస్తున్నాను. సగం వాకిలి కూడా దాటలేదు, చిన్నమ్మ నన్ను తోసుకుంటూ ఉరికింది. డబ్బాలోకి పోతున్న నాయిన చెయ్యిని రెండు చేతులతో మణికట్టు దగ్గర పట్టుకుని లాగింది. ఆ లాగుడుకు ఆయన వెనక్కి కూలబడ్డాడు. ఆమె కొంగు జారి కింద పడింది.

అరుగు మీద కూర్చున్న వాళ్ళ అత్త నోరు ఊరుకుంటుందా! "ఓ సిగ్గులేనిదానా! బావ చెయ్యి పట్టుకుంటవా? నలుగురు చూస్తే నా కొడుకు మొకం యాడ పెట్టుకోవాలె?"

చిన్నమ్మ కొంగు తీసి నడుముకు చెక్కుకుని ఇంట్లోకి పోయి, రెండు వైర్లు కట్టిన బల్బు హోల్డరు తెచ్చింది. అది వాళ్ళాయన పనికి వాడేది. వైర్ల మీద తొడుగున్న చోట పట్టుకుని, కొసలను కండెన్సర్ రెండు కాళ్ళకు ఆనించింది. ఫ్యూజు నాయిన జేబులోనే ఉంది. అయినా బల్బు భగ్గుమని వెలిగి ఆరిపోయింది. మళ్ళీ ఆనించింది. ఈసారి వెలగలేదు. ఇంకొకసారి కూడా చూసుకుని, నేల మీదే చూపు పెట్టి, మొట్టమొదటిసారి నేరుగా ఆయనతోనే మాట్లాడింది. "ఇగ ముట్టుకోండ్రి బావా."

నాయిన ముట్టుకోలేదు. చాలాసేపు తన చెయ్యినే చూసుకున్నాడు. తర్వాత ముసలామె వైపు తిరిగి, "పెద్దవ్వా, ఆమెను ఏమనకు. ఇయ్యాల్టి సంది ఆమె నాకు చెల్లె. అన్న చెయ్యి చెల్లె పట్టుకుంటే తప్పేంది?" అన్నాడు. ముసలామె గొణుక్కుంటూనే ఊరుకుంది.

చీకటి పడ్డాక చిన్నాయిన వచ్చి సంగతి విని, "పొద్దున పొయ్యేటప్పుడు అన్నవు, వచ్చేసరికి బావవైతివా!" అని నవ్వాడు. అందరం నవ్వాం. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. తలెత్తకుండా గిన్నెలు తోముకుంది. ఆ ఏడు రాఖీ పున్నమికి ఆమె మా నాయినకు రాఖీ కట్టింది. పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడింది వాళ్ళ అత్తే.

తర్వాత మా నాయిన చాలా ఏళ్ళు బతికాడు. నా పిల్లలను భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పాడు. ఆ ఏళ్ళన్నీ చిన్నమ్మ సిగ్గు విడిచి తెచ్చిపెట్టినవే. ఆ రోజు నేను మోసిన మాటలో తప్పేమీ లేదు, అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. కానీ అది నడిచిపోయే మాట. అలసిన మనిషి చెయ్యి దానికోసం ఆగదు.

ఇప్పుడు అలసట నా వంతు. మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. మొన్న కింది ఇంటి అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చీ రాగానే, ప్లగ్గు పీకేశాను కదా అని కూలరు విప్పుకుని కూర్చున్నాడు. దాంట్లోనూ కండెన్సర్ ఉంటుంది. పైనుంచి చూశాను. మనవరాలు పక్కనే ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది. రెండూ వదిలేసి, రెయిలింగ్ పట్టుకుని మెట్లన్నీ దిగి, ఆయాసపడుతూ పోయి వాడి చెయ్యి పట్టుకున్నాను. "గింతదానికి నువ్వు దిగి రావాల్నా పెద్దమ్మా, ఎవరితోనన్న చెప్పి పంపితే సరిపోకపోవునా" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఓపిక ఉన్నా లేకపోయినా, ఇట్లాంటి వాటికి నేను కబురు పంపను.