రత్నమాణిక్యం ఏరిన చాకులు

కడియపులంకలో మా నర్సరీ గేటు దగ్గర ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు, రత్నమాణిక్యం కట్టిన అంటు చచ్చిపోవడం అరుదని. నేనక్కడ పదమూడేళ్లు గుమస్తాగా పనిచేశాను. మొక్కలకి చీటీలు రాయడం, లారీలకి ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూసుకోవడం నా పని. అందుకని రోజూ ఆవిడ చేతులు చూసేవాణ్ణి. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగా ఉండేది. గులాబి కొమ్మ బెరడు ఆ గోటితో లేపీ లేపీ పసరు ఇంకిపోయిన నలుపు. ఆదివారం చర్చికి వెళ్లే ముందు చింతపండుతో రుద్దుకునేదట. అయినా పోయేది కాదు.

ఆవిడ తండ్రి ఆశీర్వాదం కూడా అదే నర్సరీలో అంటు పనివాడు. యాభై దాటకుండానే ఆయన కళ్లకి శుక్లాలు కమ్మాయి. ఎవరికైనా తెలిస్తే పని పోతుందని భయపడి చెప్పలేదు. అప్పటికి మాణిక్యానికి పదిహేడేళ్లు. సంచుల్లో మట్టి నింపే ఆడవాళ్లతో ఉండేది. తండ్రికి మంచినీళ్లు ఇచ్చొస్తానని లేచి వెళ్లి, కొబ్బరాకుల పందిరి కింద ఆయన పక్కన కూర్చుని, గబగబా పది మొక్కలకి అంట్లు కట్టేసి వచ్చేది. ఆయన చేతులు ఆడిస్తూ తనే కడుతున్నట్టు కనిపించేవాడు. ఏడాదిన్నర అలాగే నడిచింది.

ఒక చలికాలం ఆశీర్వాదానికి టైఫాయిడ్ వచ్చింది. మూడు రోజులు ఆయన పనిలోకి రాలేదు. ఆయన వరస మాత్రం ఎప్పటిలాగే పూర్తవుతూ వచ్చింది. మూడో రోజు సాయంత్రం యజమాని ఆ వరస ముందు నిలబడిపోయారు. అసలు పేరు సత్తిరాజు గారు గానీ ఊరంతా పెదబాబు గారనే పిలిచేది.

“ఆశీర్వాదం మంచంలో ఉన్నాడన్నారు. ఇవి ఎవరు కట్టారు?”

మట్టికుప్ప దగ్గర్నుంచి మాణిక్యం లేచి నిలబడింది.

“నేనేనండి.”

“ఇవాళ్టివేనా? నిన్నటివి?”

“నిన్నటివీ నేనేనండి. పోయినేడాదివి కూడా నేనేనండి.”

ఆయన కోప్పడలేదు. ఒక పీట తెప్పించి, ఎదురుగా కూర్చోబెట్టి, పది గులాబులకి అంట్లు కట్టించుకుని చూశారు. మర్నాటి నుంచి ఆ పిల్లని అంటు వరసలో కూర్చోబెట్టమన్నారు. ఆడపిల్ల పక్కన కూర్చోబోమని ఇద్దరు పనివాళ్లు వేరే నర్సరీకి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చేశాడు. ఆశీర్వాదానికి రాజమండ్రిలో కళ్లాపరేషన్ కూడా పెదబాబు గారే చేయించారు. ఇదంతా నేను చేరకముందు సంగతి. పాతవాళ్లు చెబితే విన్నాను.

పెదబాబు గారు మంచి మనిషి. కాకపోతే ఆయనకొక పిచ్చి ఉండేది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాన్ని తిరగేసి, ఏ దేశంలో చేశారో చదివేవారు. జపాన్ అని ఉంటే తృప్తిగా తలాడించేవారు. జర్మనీ అని ఉంటే కళ్లకద్దుకున్నంత పని చేసేవారు. మన దేశం సరుకైతే, “సర్లే, ఉండనీ” అనేవారు. తొంభై ఏడులో బెంగుళూరు పూల ప్రదర్శనకి వెళ్లి, అంట్లు కట్టే మడతచాకు ఒకటి కొనుక్కొచ్చారు. నల్ల పిడి, కోసే చిన్న అలుగు, పిడి చివర బెరడు లేపడానికి ఇత్తడి నాలుక. అలుగు మీద జర్మనీ అని అచ్చు కొట్టి ఉంది. నేరుగా మాణిక్యం దగ్గరికి వెళ్లి ఇచ్చారు.

అప్పటిదాకా ఆవిడ వాడింది వేమగిరి కమ్మరి చేసిన చాకు. విరిగిన రంపం ముక్కకి పళ్లు అరగదీసి, దాన్ని వెదురు పిడిలో దిగేసి ఇచ్చాడు. కొత్తది పుచ్చుకుని ఒక కొమ్మ కోసింది. ఇంకొకటి కోసింది. కోసిన చోటు వెలుగులో పెట్టి చూసింది.

“బాగుందండి బాబుగారు. చాలా బాగుంది.”

“జర్మనీ మరి!” అన్నారాయన, తనే చేసినంత గర్వంగా.

ఇత్తడి నాలుక వచ్చాక ఆవిడ గోటి నలుపు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆ చాకుని పాత చీర ముక్కలో చుట్టి, రవికలో దోపుకుని ఇంటికి తీసుకెళ్లేది.

మాణిక్యం భర్త బుల్లియ్య మా మొక్కల్ని కలకత్తా తీసుకెళ్లే లారీకి డ్రైవరు. రెండువేల రెండు చివర్లో అతను అక్కడి బజారులో డజను మడతచాకులున్న పెట్టె ఒకటి చూసి తెచ్చాడు. చైనావి. ఎర్ర పిడి, తళతళలాడే అలుగు. భార్యతో పాటు అంట్లు కట్టేవాళ్లకి పనికొస్తాయని అతని ఆలోచన. మాణిక్యం సంతోషంగా తలా ఒకటి పంచిపెట్టింది. తను మాత్రం జర్మనీ చాకుతోనే పనిచేసుకుంది.

ఆ జనవరిలో ఒక మడి గులాబులు పోయాయి. అంటు కట్టిన మూడు వారాలకి, అతికించిన మొగ్గ కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. ఆ మడిలో సగానికి పైగా నల్లబడ్డాయి. అవి ఒడిశాకి పంపాల్సినవి. పెదబాబు గారు మడి అంతా తిరిగి, అంటు వరస దగ్గరికి వచ్చి, పాపాయి అనే పనివాడి చేతిలో ఎర్ర పిడి చాకు చూశారు. లాక్కుని తిరగేశారు.

“చైనా! ఇంకెందుకు పడతాయి అంట్లు? ఇవన్నీ పట్టుకెళ్లి కాలవలో పారేయండి.”

మాణిక్యం లేచింది. “చాకు ఒక్కదాని వల్లే కాదేమోనండి. బెంగుళూరు నుంచి మొగ్గలు తీసే పుల్లలు రావడమే రెండు రోజులు ఆలస్యమైంది. అప్పటికే వడిలిపోయి ఉన్నాయండి.”

“మొగుడు తెచ్చాడని వెనకేసుకు రాకు మాణిక్యం.”

అందరూ తలలు దించుకున్నారు. ఆవిడ ముఖం కందిపోయింది. చీర ముక్క విప్పి, జర్మనీ చాకుని మడిచి, రెండు చేతులతో ఆయనకి ఇచ్చేసింది.

“ఇది మీ దగ్గరుంచండి బాబుగారు. పారేసే ముందు ఆ డజనూ నాకు ఒక్క నెల ఇవ్వండి. చూశాక మీ ఇష్టం.”

ఆయన చాకు తీసుకుని కారెక్కి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఇంట్లో బుల్లియ్య, “పోనీయవే, చాకుల కోసం ఆయనతో ఎందుకు?” అన్నాడట. “చాకుల కోసం కాదు. చూడకుండా మాటన్నారు,” అందట మాణిక్యం. తర్వాత బుల్లియ్యే నాతో చెప్పాడు.

మర్నాడు ఆవిడ పన్నెండు చాకుల్నీ ఒకే సానరాయి మీద, ఒకే తీరుగా నూరింది. ఒక్కొక్క దానితో వంద పచ్చి పుల్లలు కోసి, అలుగుని గోటి మీద ఆనించి చూసింది. పదును ఉంటే గోటిని పట్టుకుంటుంది, లేకపోతే జారిపోతుంది. రెండు రోజులు అదే పని. చివరికి గోనెపట్టా మీద మూడు కుప్పలు పెట్టి నన్ను పిలిచింది.

“ఇదిగోనండి గుమస్తా గారు. ఈ నాలుగూ మంచివి. ఈ అయిదూ పర్లేదు, మధ్యమధ్యలో నూరుకోవాలి. ఈ మూడూ రేకు ముక్కలు.”

“ఒకే పెట్టెలోవి కదా?”

“ఒక తల్లి పిల్లలు ఒకలాగే ఉంటారేంటండి?” అని నవ్వింది. తిట్టు తిన్నాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత నాకొక పని చెప్పింది. ఆ కుప్పల్లోవి రెండు, బయటివి రెండు, మొత్తం నాలుగు చాకులతో, చాకుకి నలభై చొప్పున తను అంట్లు కడుతుంది. ఒకే రోజు తెంపిన మొగ్గలు, ఒకే మడి. ఏ వరస ఏ చాకుదో కాయితం మీద నేను రాసి దాచాలి. వరసకి నంబరు తప్ప ఇంకేం ఉండకూడదు. లెక్కపెట్టేది పెదబాబు గారే. నేను వెళ్లి ఆ సంగతి చెప్పి, జర్మనీ చాకు ఒక్కరోజుకి అడిగాను. ఆయన సొరుగులోంచి తీసి, నా ముఖం చూడకుండా ఇచ్చారు.

మూడు వారాలు గడిచాయి. ఆ మడివైపు మాణిక్యం రోజూ వెళ్లేది, చెయ్యి మాత్రం పెట్టేది కాదు. నీళ్లు కూడా పాపాయి చేతే పోయించింది. పెదబాబు గారు చూడనట్టే ఉండేవారు గానీ, పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఆ మడి గట్టు మీద నిలబడడం నేను రెండుసార్లు చూశాను.

లెక్కపెట్టే రోజు పనివాళ్లంతా చుట్టూ చేరారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కొక్క మొక్క దగ్గరా వంగి, పచ్చగా ఉందో నల్లగా ఉందో చూసుకుంటూ నాలుగు వరసలూ తిరిగారు. మొదటి వరసలో ముప్పయ్యారు బతికాయి. రెండోదాంట్లో ముప్పయ్యేడు. మూడోదాంట్లో ఇరవై ఒకటి. నాలుగోదాంట్లో ముప్పయ్యయిదు.

నడుం పట్టుకుని లేచి, “రెండోది జర్మనీ. మూడోది చైనా. ఔనా?” అన్నారు.

నేను కాయితం తీసి చదివాను. మొదటిది జర్మనీ. నాలుగోది వేమగిరి కమ్మరి చాకు. రెండోదీ మూడోదీ చైనావే, ఒకటి మంచి కుప్పలోది, ఒకటి రేకు కుప్పలోది.

“రెండూ చైనాయేనా?”

“ఒకే పెట్టెలోవండి,” అంది మాణిక్యం.

ఆయన మళ్లీ వంగి రెండో వరస చూశారు. తర్వాత, “అయితే జర్మనీ గొప్పేం లేదంటావా?” అని అడిగారు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

“గొప్పేనండి. ఎందుకు కాదు? వాళ్లు చేసినవి కళ్లు మూసుకుని ఒకటి తీసుకున్నా మంచిదే వస్తుంది. చెడ్డది ముందే ఏరి పారేసి పంపుతారేమో. ఈ చైనా పెట్టెలో ఆ ఏరడం ఎవరూ చెయ్యలేదండి. మనం చేసుకోవాలి. కమ్మరి చాకు మాత్రం ఆ మనిషి చెయ్యి. ఆయన చెయ్యి బాగున్న రోజు చేసింది.”

అంతటితో ఆపెయ్యొచ్చు ఆవిడ. ఆపలేదు.

“ఇంకో మాట కూడా చెప్పాలండి. పోయిన మడిలో వరసలు మళ్లీ చూసుకున్నాను. పుల్లలు వడిలిన మాట నిజమే. కానీ ఎక్కువ పోయిన వరసలు ఆ మూడు రేకు చాకులతో కట్టినవే. మొద్దు అలుగు బెరడు కొయ్యదండి, నలుపుతుంది. మా ఆయన తెచ్చాడన్న సంబరంలో నేను చూడకుండా పంచేశాను. ఆ తప్పు నాదే.”

పెదబాబు గారు జేబులోంచి జర్మనీ చాకు తీశారు.

“ఆ రోజు నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది,” అన్నారు, అందరూ వింటుండగానే. “ఇది నీదమ్మా. పెట్టుకో.”

మాణిక్యం పుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగితే, దుమ్ము పడిందని పమిటతో తుడుచుకుంది. పెదబాబు గారు పీట లాక్కుని అక్కడే కూర్చున్నారు.

“గోటి మీద ఎలా చూస్తారో నాకూ చూపించు.”

చూపించింది. ఆయన రెండుసార్లు వేలు కోసుకున్నారు గానీ నేర్చుకున్నారు. ఆ వారమే బుల్లియ్యని పిలిచి, ఈసారి కలకత్తా వెళ్తే ఇంకో రెండు పెట్టెలు తెమ్మన్నారు. “మాణిక్యం ఏరుతుంది,” అని కూడా అన్నారు. ఏరగా మిగిలిన రేకు చాకులు సంచుల మూతి తాళ్లు కోసుకోవడానికి పనికొచ్చాయి. సంగతి పాకి, చుట్టుపక్కల నర్సరీల వాళ్లు కూడా మధ్యాహ్నం అన్నాలప్పుడు చాకులు పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టేవారు. ఆవిడ ఓ చేత్తో అన్నం తింటూనే ఇంకో చేత్తో చూసి, ఎటు పెట్టాలో కళ్లతో సైగ చేసేది.

రెండేళ్ల తర్వాత ఒక సేల్స్‌మన్ వచ్చి పెదబాబు గారికి ఒక చాకు అమ్మాడు. జర్మనీ అచ్చు ఉంది, నల్ల పిడి ఉంది. మునుపైతే ఆయన ఆ అచ్చు చూసి మురిసిపోయేవారే. ఈసారి ఆయనే అంటు పందిరి కిందికి వచ్చి, పది పుల్లలు కోసి, గోటి మీద ఆనించారు. జారిపోయింది. మాణిక్యానికి ఇచ్చారు. ఆవిడా చూసింది.

“ఏమంటావు?”

“మీరేం అనుకుంటున్నారో అదేనండి.”

“జర్మనీ మొహం కూడా చూసుండదు ఇది!” అని ఆయన పగలబడి నవ్వారు. పనివాళ్లు కూడా నవ్వేశారు.

ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ మాణిక్యం ఆడవాళ్లకి అంటు పని నేర్పుతూనే ఉంది. మట్టి నింపే వాళ్లలోంచి చేతి నేర్పు ఉన్న పిల్లని తనే కనిపెట్టి పక్కన కూర్చోబెట్టుకునేది. నేను మానేసే నాటికి ఆ వరసలో తొమ్మిదిమంది ఆడవాళ్లున్నారు. రెండువేల ఎనిమిదిలో బుల్లియ్య లారీ మానేశాక, భార్యాభర్తలు కాలవగట్టు మీద అరెకరం కౌలుకి తీసుకుని సొంతంగా చిన్న నర్సరీ పెట్టారు. మొదటి మొక్కలు పెదబాబు గారే పంపించారు. దింపించడానికి లారీతో పాటు ఆయనే వచ్చి, ఎండలో గొడుగు పట్టుకుని నిలబడ్డారట.

ఆ ఏడు వానాకాలంలో మా ఆవిడ నీలవేణితో కలిసి అక్కడికి వెళ్లాను. రెండు గులాబులు కావాలన్నాను. మాణిక్యం మడి అంతా తిరిగి, బాగా చిగుళ్లు వేసిన మొక్కల్ని వదిలేసి, పొట్టిగా, బలంగా ఉన్నవి రెండు తీసి నీలవేణి చేతిలో పెట్టింది.

“ఇవి పట్టుకెళ్లండమ్మా. అంటు కింద నుంచి చిగురొస్తే అది అడవి గులాబి, జాలి పడకుండా తుంచేయండి. వారం దాకా ఎండలో పెట్టకండి. గుమస్తా గారు మర్చిపోతారు, మీరే చూసుకోండి.”

నీలవేణి నవ్వి, మొక్కలు ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.