ఉప్పు విడిచిన గోదావరి

మరాఠీ గడ్డ మీది మా తెలుగు వాడ దాజీ పేట్‌లో నల్లా వస్తే బిందెల చప్పుడు కంటే ముందు గోదావరి గుటకల చప్పుడు వినబడేది. అబద్ధమైతే నా నోట్లో పురుగులు పడనీ. గిలాస మీద గిలాస, చెంబు మీద చెంబు. పేరుకు తగ్గట్టే నదిని మింగుతోందని వాడంతా నవ్వుకుంది.

గోదావరి మా పక్కింటి సుందరాబాయి కోడలు. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే ఆమె వేళ్లు కనబడేవి కావు, బీడీలే కనబడేవి. మగడు సాయిలు మరమగ్గాల పనికి భివండీ పోయాడు. పోతూ పోతూ, "మార్కండేయుని రథం నాటికి వస్త" అన్నాడు. మా సాలెవాళ్ల దేవుడి రథం వచ్చింది, కొంతం చౌక్ దాటి పోయింది. గోదావరి కొత్త చీర కట్టుకుని జనంలో ప్రతి మొహాన్నీ వెతికింది. సాయిలు రాలేదు.

ఆ సాయంత్రమే మొక్కుకుంది, ఆయన గడప తొక్కేదాకా ఉప్పు ముట్టనని.

ఉప్పులేని జొన్నరొట్టె, చప్పిడి పప్పు ఎవరికి గొంతు దిగుతాయి? నాలుగు ముద్దలు తిని లేచేది. ఆకలైతే నీళ్లు. సాయిలు గుర్తొస్తే నీళ్లు.

"అది కడుపా, నీళ్ల హౌజా?" అని అడిగాను.

"తునికాకు ఎండితే ఏమైతది అక్కా? చుట్టబోతే పగుల్తది. తడిపి గోనెల పెడితేనే మెత్తగుంటది. ఆయన వచ్చేసరికి నేను ఎండిపోవద్దు గదా."

వాగుడుకాయను గదా, ఆ మాట వాడంతా చాటాను.

కొన్నాళ్లకు ఆమె మొహం పొంగింది, గాజులు బిగిశాయి. "సూసినవా నా ఇంటి తిండి!" అని సుందరాబాయి మురిసింది. తర్వాత తలనొప్పి, వాంతులు. దానికీ మందు నీళ్లే అనుకుని గోదావరి ఇంకా తాగింది.

ఓ మధ్యాహ్నం మా అరుగు మీద బీడీలు చుడుతూ, పొగాకు పోయకుండానే ఆకుకు దారం కట్టింది. తలెత్తి తన గుమ్మం వైపు చూసి పెళ్లినాటి నవ్వు నవ్వింది.

"వచ్చినవా? గింత ఆలస్యమా? కూసో, చాయ్ పెడ్త."

గుమ్మంలో మనిషి లేడు. ఒక మేక ఉంది. నాకు నవ్వు రాబోయింది. అంతలో ఆమెకు ఫిట్స్ వచ్చి చాట మీదే పడిపోయింది.

ఆటోలో వేసుకుని దవాఖానాకు ఉరికాం. మరాఠీ డాక్టరు రక్తం పరీక్ష చేయించి, తనకొచ్చిన తెలుగులో, "పేశీలు ఉబ్బినయ్" అన్నాడు.

సుందరాబాయి గొల్లుమంది. "పేషీయా! ఏ కోర్టుల సాబ్? మా పిల్ల ఎవ్వరి జోలికి పోలే!"

డాక్టరు నవ్వాడు. మరాఠీలో పేశీ అంటే జీవకణమట. కంటికి కనబడని అలాంటి చిన్న చిన్న సంచులతోనే మన ఒళ్లంతా అల్లి ఉంటుందట. రక్తంలో ఉప్పు తగినంత ఉంటే నీళ్లు తమ హద్దులో ఉంటాయి. ఉప్పు మాని, తిండి తగ్గించి, నీళ్లు మాత్రం పోస్తూ ఉంటే రక్తం పలచబడుతుంది. ఆ నీళ్లు సంచుల్లోకి చొరబడి వాటిని ఉబ్బిస్తాయి.

"చెయ్యి ఉబ్బితే జాగా ఉంది బాయీ. మెదడు ఉబ్బితే యాడికి పోతది? చుట్టూ పుర్రె బొక్కనే."

నాకు తునికాకు గుర్తొచ్చింది. తడి మరీ ఎక్కువైతే అది కుళ్లిపోతుంది. ఆ సంగతి గోదావరికి తెలియంది కాదు.

ఉప్పునీళ్లు చుక్కచుక్కగా ఎక్కించారు. తొందరపడితే మెదడుకే ముప్పట. తెలివి వచ్చాక గోదావరి మంచం చుట్టూ చూసింది.

"ఆయనేడి?"

"ఎవరే?"

"చాయ్ పెడ్త అంటుండంగనే నన్ను గుంజుకొచ్చిన్రు. తాగకుంటనే పోయిండా?"

మా మొహాలు చూసి, ఆయన రానేలేదని ఆమే తెలుసుకుంది. కన్నీళ్లు పెదాల మీదికి జారాయి.

"ఉప్పగున్నయ్ అక్కా. మొక్కు పోయింది."

ఇంటికొచ్చాక ఉప్పేసిన పప్పు సుందరాబాయే కలిపి తినిపించింది. నల్లా వచ్చిన ఓ పొద్దున గోదావరి ఖాళీ గిలాస పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"అక్కా, ఆయన వచ్చిననాడు నేను ఎన్ని గిలాసలు తాగిన్నో యాదికున్నదా?"

మళ్లీ అన్ని తాగితే ఆయన మళ్లీ కనబడతాడని ఆమె లెక్క. నా నోరు ఆగుతుందా!

"గిలాసలేందే? ఉజని డ్యామంత తాగినవ్! అది మళ్ల నిండాలంటే పది వానకాలాలు గావాలె."

పకపకా నవ్వి గిలాస బోర్లించింది. నవ్వుతూనే తన గుమ్మం వైపు చూసింది. ఆ రోజు అక్కడ మేక కూడా లేదు.