రెండు కాపీల ప్రింటరు, నూట ఎనిమిది ప్రదక్షిణలు

ముందే ఒప్పేసుకుంటే సగం పాపం పోతుందంటారు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నదున్నట్టు చెప్పలేను. చిన్నప్పుడు గోరంత చెబితే ఎవరూ వినేవారు కాదు, కొండంత చేస్తే చుట్టూ చేరేవారు. యాభై దగ్గరపడుతున్నా ఆ జబ్బు తగ్గలేదు. మా ఆవిడ నేను చెప్పిన ఏ అంకెనైనా మూడుతో భాగించి నమ్ముతుంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది కాబట్టి జర్మన్‌లో "యూబర్‌ట్రైబ్ నిష్ట్, పాపా" అంటుంది, అతి చేయకు నాన్నా అని. మీరూ ఒక భాగహారం చేతిలో పెట్టుకుని చదవండి. ఎక్కడ కల్పించానో చివర్లో నేనే చెబుతాను.

మాగ్డెబర్గ్‌లో ఒక యూనివర్సిటీలో నా ఉద్యోగం. నా గది తలుపు మీద ఉన్న జర్మన్ పదాన్ని ఊపిరి బిగబట్టి చదవబోయి ఇద్దరు సొమ్మసిల్లారు గానీ, నేను చేసేది ప్రింటర్లకు వైద్యం. అలా ఒకరోజు క్యాంపస్ చివర ఉన్న చిన్న రెండంతస్తుల ఇంటి నుంచి ఫోను వచ్చింది, ప్రింటరు ప్రాణం వదిలిందని.

అది యూనివర్సిటీ పాస్టరుగారి ఆఫీసు. మన వైపు పాస్టరమ్మ అంటే పాస్టరుగారి భార్య. ఇక్కడ ఆవిడే పాస్టరు. అరవైకి దగ్గరున్న మనిషి, పొట్టి జుట్టు, ఊలు స్వెటరు. విద్యార్థులైనా, ఉద్యోగులైనా, ఏ మతమైనా, అసలు ఏ దేవుడూ వద్దనుకునేవాళ్లయినా సరే, మనసు బాగాలేకపోతే వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చోవచ్చు. విన్న మాట గోడ దాటదు. ఆ గదిలో రెండు కుర్చీలు, ఒక టిష్యూల డబ్బా, గోడవైపు తిప్పి పెట్టిన గడియారం ఉండేవి. గడియారం తిరగబడిందేమిటని సరిచేయబోతే ఆపింది. "ఏడ్చేవాళ్లు టైము చూసుకుంటారు. అందుకని అలా పెట్టాను" అంది.

నా వైద్యంతో ప్రింటరు లేచి కూర్చుంది. ఒక్క దోషం మాత్రం మిగిలింది. అప్పట్నుంచి ఏది ప్రింట్ కొట్టినా రెండు కాపీలు వస్తాయి. ఆ దోషం కనిపెట్టడానికి నేను ఏడెనిమిదిసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఆవిడ ఆపిల్ కేకు పెట్టేది. ఆ కేకు ఎత్తు మా ఊరి వాటర్ ట్యాంకంత. అందుకే రోగం కుదర్చడానికి నేను తొందరపడలేదని గిట్టనివాళ్లంటారు.

ఒకసారి మూడో ముక్క తింటుండగా ఆవిడ ఒక కాగితం నా ముందు పెట్టింది. అవసరమైతే ఏ మతం విద్యార్థి కోసం ఎవరిని పిలవాలో రాసుకున్న జాబితా. హిందువులకు ఎదురుగా ఖాళీ.

"నాకు మంత్రాలు రావండీ. వచ్చినవి కూడా మధ్యలో మర్చిపోతాను."

"మంత్రాలు అడగలేదు. వినడం వచ్చా?"

"అది మా ఆవిడని అడగాలి" అన్నాను. నోట్లో కేకు పెట్టుకుని కాదనడం మర్యాద కాదు కదా. సంతకం పెట్టాను. ఆ విధంగా మా ఊళ్లో హిందూ ధర్మానికి నేను దిక్కయ్యాను.

చాలా నెలలు ఎవరూ రాలేదు. మన పిల్లలకు ఆ ఇంటి గుమ్మం ఎక్కాలంటే భయం. చర్చివాళ్లు బాప్తిస్మం ఇచ్చేస్తారేమోనని కొందరికి, ఏడ్చినట్టు ఫైల్లో రాసుకుంటే రేపు వీసాకి అడ్డమొస్తుందేమోనని మిగతావాళ్లకి. ఒక గురువారం మధ్యాహ్నం మాత్రం ఆవిడ నుంచి ఫోను వచ్చింది. "ప్రింటరు కోసం కాదు. త్వరగా రండి."

వెళ్లేసరికి ఆ కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. కరీంనగర్ వైపు పిల్ల. ఒళ్లో టిష్యూలు గుట్టగా పోసుకుని ఉంది, ఆ గుట్ట ఎక్కితే ఎల్బే నది కనిపించేది. నన్ను చూసి లేచి, "నమస్తే అంకుల్" అంది. నేను జుట్టుకి రంగేసుకుని ఇంకా వారం కాలేదు. ఆ అంకుల్ అన్న మాట మింగేసి అడిగాను.

"ఏమైంది తల్లీ?"

"ఏం జెప్పాలె అంకుల్. ఒక్కటే సబ్జెక్టుల రెండుసార్లు ఫెయిలైన. తొమ్మిది రోజులల్ల మూడోసారి ఉంది. నేను పోను."

ఇక్కడ చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మూడే అవకాశాలు. మూడోది కూడా పోతే చదువు పోయినట్టే. చదువు పోతే వీసా పోయినట్టే.

"వెళ్లకపోయినా ఫెయిలే కదమ్మా."

"పోయినా ఫెయిలే. చదివిందంతా వస్తది అంకుల్, పేపర్ ముంగట కూసుంటెనే చేతులు వణుకుతయి. ఎందుకైతుందో నాకెరుకే. మొక్కు తీర్చలే."

మొక్కు ఏమిటో ఆ పిల్ల చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలో వీసాలిప్పించే దేవుడున్నాడని తెలియని తెలుగువాడు విమానం ఎక్కి ఉండడు. వీసా కావాలని కోరుకుని పదకొండు ప్రదక్షిణలు చేయాలి. వచ్చాక మళ్లీ వెళ్లి నూట ఎనిమిది. ఈ అమ్మాయి పదకొండు తిరిగింది. వీసా ఆలస్యంగా వచ్చింది, నాలుగో రోజే విమానం. నూట ఎనిమిది అలాగే ఉండిపోయాయి. మొదటిసారి ఫెయిలైతే వాళ్ల పెద్దమ్మ గుర్తుచేసింది, రెండోసారికి కాలనీ మొత్తం గుర్తుచేసింది. వెళ్లి తీర్చుకొద్దామంటే పర్మిట్ పొడిగింపుకి టెర్మిన్, అంటే ఆఫీసువాళ్ల అపాయింట్‌మెంట్, దొరకలేదు. అది చేతికొచ్చేదాకా దేశం దాటి వెళ్తే తిరిగి రావడం కష్టం.

ఇదంతా పాస్టరుగారికి జర్మన్‌లో చెప్పాను. వీసా దేవుడనగానే నవ్వుతుందేమోనని నాకు లోపల బెరుకు. ఆవిడ నవ్వలేదు. నోటుబుక్కు తీసింది.

"చుట్టూ తిరగడం దేనికి?"

"మధ్యలో ఎవరున్నారో మర్చిపోకుండా ఉండటానికి" అన్నాను. నా నోట అంత మంచి మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆవిడ రాసుకుంది కూడా.

"మరి ఇక్కడ తిరిగితే చెల్లుతుందా?"

ఇద్దరూ నా వైపు చూశారు. జాబితాలో ఉన్నవాణ్ని నేనే మరి. నీళ్లు తాగొస్తానని వంటగదిలోకి వెళ్లి మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మీరేమన్నా పీఠాధిపతులా తీర్పులు చెప్పడానికి?" అంది. "ఆ పిల్లనే అడగండి, వాళ్ల దేవుడు ఇప్పుడెక్కడున్నాడో." ఇంకేదో కూడా అంది గానీ సిగ్నల్ సరిగా లేదు, వినపడలేదు.

తిరిగొచ్చి గొంతు సవరించుకుని, అది నా సొంత జ్ఞానమన్నట్టు అడిగాను.

అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "నా రూంలనే ఉన్నడు. రైస్ కుక్కర్ మీది షెల్ఫ్‌ల. వచ్చేటప్పుడు అమ్మ స్వెటర్ల నడుమ పెట్టింది ఫొటో, అద్దం పగలకుండ." తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "పగల్లే గూడ" అంది.

పాస్టరుగారు డైరీ తెరిచింది. "శనివారం పొద్దున తొమ్మిదికి నేను ఖాళీ. ఆయన్ని తీసుకురండి. చర్చి చుట్టూ అంటే నేను పదిమందిని అడగాలి. ఈ ఇంటి చుట్టూ అంటే నన్ను నేను అడుక్కుంటే చాలు."

టెర్మిన్ దొరికిందా అని జనం ఒకరినొకరు పలకరించుకునే ఈ దేశంలో మన దేవుడికి రెండు రోజుల్లో దొరికింది.

శనివారం గాలి ఎలా ఉందంటే, సైకిల్ మీద వెళ్తున్న ఒక పెద్దమనిషి బెర్లిన్‌లో దిగి ఉంటాడు. అమ్మాయి ఫొటోని చున్నీలో చుట్టి తెచ్చింది. పాస్టరుగారు తన బల్ల మీద కాగితాలు తీసి, ఫొటోని కిటికీలోంచి బయటికి కనిపించేలా నిలబెట్టింది. పక్కన నా ప్రింటరు. అందులోంచి ఒక అట్ట కార్డు తీసింది. వరసకి పన్నెండు చొప్పున తొమ్మిది వరసల గడులు, కింద తేదీకి, సంతకానికి చోటు. వెనకే రెండో కార్డు కూడా జారింది. ఆ దోషం సంగతి తెలిసిందే కదా.

"ఇది మీకు కావాలా?" అని నన్నడిగింది. "మీరెప్పుడూ మొక్కుకోలేదా?"

"నేనా! నా వీసా నా ప్రతిభతో వచ్చింది" అన్నాను. మోకాళ్ల నొప్పులని చెప్పి, ఆ కార్డుని టీ కప్పు కింద పెట్టుకుని, ఆపిల్ చెట్టు దగ్గర బెంచీ మీద స్థిరపడ్డాను.

అమ్మాయి మొదటి చుట్టు తిరిగి వచ్చి నా ముందు ఆగింది. "అంకుల్, ఎన్కకు చెత్తడబ్బాలున్నయి. వాటికి గూడ దండం పెట్టినట్టయితది."

ఈలోగా హౌస్‌మైస్టర్ వచ్చాడు. భవనం బాగోగులన్నీ చూసే పెద్దాయన. ఆయన మీసం ఒక కొస ఇంట్లో ఉండగా రెండో కొస వీధిలో ఉంటుంది. గడ్డి మీద అడుగులు చూసి, "ఇక్కడ నడవకూడదు" అన్నాడు.

పాస్టరుగారు కిటికీ తెరిచి, "ప్రార్థన" అంది.

"ఎన్నిసార్లు?"

"నూట ఎనిమిది" అన్నాను.

"నూరు చాలదా?"

"తొమ్మిది పన్నెండ్లు."

"అలా చెప్పండి" అన్నాడు. లెక్క కుదిరితే వాళ్లకి సగం భక్తి కుదిరినట్టే. నీలం, పసుపు, గోధుమ రంగు డబ్బాలన్నీ ఒక్కొక్కటే వీధి అవతలికి దొర్లించుకుపోయాడు. ఇంటి వెనక బురదగా ఉన్నచోట షెడ్డులోంచి చెక్కపలకలు తెచ్చి పరిచాడు. ఒక పలక కదులుతుంటే మోకాళ్ల మీద కూర్చుని దాని కింద చిన్న రాయి పెట్టాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు ఆకులు ఊడుస్తూ అక్కడే ఉండిపోయాడు.

మొదట్లో ఆ పిల్ల బస్సు తప్పిపోతున్నట్టు నడిచింది. ముప్ఫై దాటాక కొంచెం నెమ్మదించింది. యాభైల్లో పెదాలు కదులుతుంటే గోవింద నామాలనుకున్నాను, దగ్గరికొచ్చాక వింటే పరీక్ష ఫార్ములాలు. ఎనభై దగ్గర ఏడ్చింది. ఏడుస్తూనే నడిచింది, ఎవరూ ఆపలేదు. పాస్టరుగారు ఆ మూడు గంటలూ ఫొటో పక్కనే కుర్చీలో కూర్చుంది. ఫోను ముట్టలేదు, పుస్తకం తెరవలేదు. పిల్ల కిటికీ ముందుకి వచ్చినప్పుడల్లా చెయ్యి కొద్దిగా ఎత్తేది. నూట ఎనిమిదిసార్లూ ఎత్తింది.

చివరి గడిలో టిక్కు పడ్డాక ఆవిడ సొరుగులోంచి గుండ్రటి ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, కార్డు మీద గట్టిగా వేసింది. ముద్ర లేనిదే ఈ దేశంలో పెళ్లయినా నిలవదు. అమ్మాయి ఆ కార్డుని రెండు చేతులతో, హాల్ టికెట్ పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఇగ పోతా అంకుల్" అంది. ఇంటికి అనుకున్నాను. పరీక్షకి.

వెళ్లింది. రాసి బయటికొచ్చి ఫోన్ చేసింది. "చేతులు వణికినయి అంకుల్. కార్డు జేబుల ఉందని యాదికొచ్చినంక ఆగినయి."

కొన్ని వారాలకు మార్కు వచ్చింది, నాలుగు పాయింట్ సున్నా. ఇక్కడ ఒకటి అన్నిటికన్నా గొప్ప. నాలుగు అంటే గట్టు అంచున వేలాడి పాసైనట్టు. కరీంనగర్‌లో ఆ సంగతి ఎవరికి తెలుసు? నాలుక్కి నాలుగు వచ్చాయని వాళ్ల నాన్న కాలనీ అంతా మిఠాయిలు పంచాడట.

"నేను మార్కు ఒక్కటే చెప్పిన అంకుల్. నాలుక్కి నాలుగని ఆయననే అనుకున్నడు. మీరు గూడ ఏం చెప్పకుండ్రి" అంది. చెప్పలేదు. మీరూ చెప్పకండి.

మిఠాయిల సంగతి నా కల్పన అని మీరు భాగహారం తీసి ఉంటారు. కాదు, నిజం. పలకలు నిజం, ముద్ర నిజం, ఆవిడ ఎత్తిన చెయ్యి నిజం. కేకు ఎత్తు, టిష్యూల గుట్ట, పెద్దాయన మీసం సాగదీసినవి. సాగదీయడం వేరు, కల్పించడం వేరు.

మార్చిలో మళ్లీ ప్రింటరు చూడటానికి వెళ్లాను. హౌస్‌మైస్టర్ గుమ్మం దగ్గరే పట్టుకున్నాడు. ఇంటి చుట్టూ గడ్డిలో పడిన దారి చూపించి, "మీరిద్దరూ తొక్కిన గడ్డి ఇంకా లేవలేదు" అన్నాడు.

ఇద్దరూ అనేశాడు కాబట్టి ఇక దాచి లాభం లేదు. ఈ మొత్తంలో నేను కల్పించింది ఆ బెంచీ. బెంచీ ఉంది, నేను దాని మీద లేను. పంతొమ్మిదేళ్ల కింద, పెళ్లయిన కొత్తలో, నేనూ మా ఆవిడా కలిసి అదే గుడిలో పదకొండు తిరిగాం. వీసాలు రాగానే ప్రతిభ గుర్తొచ్చింది, దేవుడు గుర్తు రాలేదు. ఆరోజు ఫోన్‌లో ఆవిడ అన్న రెండో మాట నాకు శుభ్రంగా వినపడింది. "ముందు మీ సంగతి చూసుకోండి" అని. ఆ పిల్ల పదకొండో చుట్టు పూర్తిచేసేసరికి టీ కప్పు కింది కార్డు తీసి, ఆమె వెనకే నడవడం మొదలుపెట్టాను. తన నూట ఎనిమిదీ అయ్యాక నావి ఇంకా పదకొండు మిగిలాయి. ముగ్గురూ ఆ గాలిలో నిలబడి నాకోసం ఆగారు. హౌస్‌మైస్టర్ జర్మన్‌లో పైకి లెక్కపెట్టాడు. ఆ పిల్ల కిటికీ దగ్గర నా కార్డు పట్టుకుని ఒక్కో టిక్కు పెడుతూ, "ఇంకో నాలుగే అంకుల్, ఇంకో మూడే" అంది. అప్పుడు అంకుల్ అన్న మాట ఎక్కడా గుచ్చుకోలేదు.

హౌస్‌మైస్టర్ ఆ మాట అన్న సాయంత్రం మా ఆవిడకి చెప్పాను, నూట ఎనిమిది తిరిగానని. అలవాటు కొద్దీ మూడుతో భాగించి, "ముప్ఫై ఆరైనా తిరిగారు, నయమే" అంది. కార్డు తీసి చూపించాను. గడులన్నీ లెక్కపెట్టింది, ముద్ర మీద వేలితో రాసి చూసింది.

"మరి నాది?" అంది.

ప్రింటరు రోగం అలాగే ఉంచమని పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను.