అనంతలక్ష్మి చాయ

బట్టల మిల్లులో ముప్పై నాలుగేళ్లు నూలుకు రంగు వేసి 1970లో ఉద్యోగ విరమణ చేసిన పరంధామయ్యను నాచారంలో అందరూ రంగుల మేస్త్రి అనేవారు. వర్తకులు పంపిన నమూనా దారాన్ని ఒక చేత, తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన నూలును మరొక చేత పట్టుకొని ఆయన కిటికీ దగ్గర నిలబడితే యంత్రాల మోత తప్ప మరో మాట వినిపించేది కాదు. తల ఊపితే సరుకు బయటికి. పెదవి విరిస్తే మళ్లీ తొట్టిలోకి. తన కంటి మీద ఆయనకున్నది గర్వం కాదు. ఊపిరి మీద మనిషికుండే నమ్మకం వంటిది అది; ఉన్నదన్న సంగతి కూడా గుర్తుండదు.

విరమణకు ఆరునెలల ముందు భార్య అనంతలక్ష్మి మూడు వారాల జ్వరంతో పోయింది. మిగిలింది నలుపు తెలుపుల్లో ఒకే ఒక్క ఫోటో. తండ్రితోనే ఉంటున్న కూతురు సూర్యకళ దాన్ని సికింద్రాబాదులో పెద్దది చేయించి, బుగ్గలకు గులాబీరంగు అద్దించి తెచ్చింది. పరంధామయ్య వారం రోజులు భరించి, గోడ మీంచి తీసి పెట్టెలో పెట్టాడు.

"గిది మీ అమ్మ కాదు బిడ్డా. నాటకంల వేషం గట్టిన మనిషి."

"ఉన్నది గదొక్కటే గద నాయినా!"

"మీ అమ్మది చామనచాయ. తుమ్మచెక్క కషాయంల రెండోసారి ముంచి నీడకు ఆరేసిన నూలు ఎట్లుంటది? గట్ల. గది నేనే తేవాలె."

ఆ రంగును కాగితం మీదికి తేవడం తప్ప ఆ తరువాత ఆయన కోరిందేదీ లేదు.

నాచారం పఠనమందిరం వెనక గదిలో శ్యామలాదేవి అనే విశ్రాంత డ్రాయింగు టీచరు గురువారం మధ్యాహ్నాలు అరవై దాటినవారికి బొమ్మలు నేర్పేది. గోదావరి వైపు నుంచి వచ్చిన మనిషి. మెప్పు ఆమె నోట రావడం అరుదు. "మళ్లీ చూడండి" అన్నదంటే బొమ్మ ఫరవాలేదని అర్థం. మాట్లాడకుండా ముందుకు నడిచిందంటే చింపేయమని. పరంధామయ్య 1971లో ఆ గదిలో చేరాడు. అక్కడున్న ఎనిమిది మందిలో లాలాపేట్ నుంచి సైకిలు మీద వచ్చే ఉమాపతి ఒకడు. రైల్వేలో గార్డుగా చేసినవాడు, పాత స్నేహితుడు. పరంధామయ్యను బావ అనీ, అనంతలక్ష్మిని చెల్లె అనీ పిలిచిన మనిషి.

1973 దసరా వెళ్లాక శ్యామలాదేవి వాళ్లకొక పని అప్పగించింది. తాము కలిసి బతికిన ఒక మనిషి బొమ్మను ఒక్కొక్కరూ వేయాలి. ఉగాదికి వాటిని పఠనమందిరం గోడలకు తగిలించాలి. ఉమాపతి తన ఇంజను డ్రైవరును ఎంచుకున్నాడు. "పెండ్లాంను గీస్తే మీసాలొస్తున్నయి టీచరమ్మా" అని అందరినీ నవ్వించాడు.

పరంధామయ్య ఎవరిని వేస్తాడో ఎవరూ అడగలేదు. రెండేళ్ల సాధనతో గీత ఆయన చేతికి లొంగింది. దవడ వంపు వచ్చింది. ఏదో అనబోయి ఆగినట్టుండే పెదవి వచ్చింది. చిక్కంతా రంగుతోనే. ఏ పొడి కలిపినా ఆయనకు పసుపు ఎక్కువగా కనిపించేది. "మస్తు కల్తీ జేస్తున్రు" అని గొణుక్కుంటూ పసుపు తగ్గించేవాడు, చిటికెడు నీలం చేర్చేవాడు, మరో చిటికెడు. సంక్రాంతి నాటికి కాగితం మీది స్త్రీ ముఖం పలక రంగుకు తిరిగింది. గదిలో ఆ సంగతి తెలియనిది ఆయనొక్కడికే.

"ఆ చెంప మీద నీలం కాస్త..." అంది శ్యామలాదేవి ఒకరోజు.

"గీత తప్పయితే కొట్టున్రి టీచరమ్మా. రంగు మాట నాకిడిచిపెట్టున్రి."

ఆమె వెనక్కి తగ్గింది. తూకపురాయి మీదే అనుమానం వస్తే దాన్ని దేనితో తూచాలి?

ఉమాపతికి అంత ఆలోచన లేదు. "ఏంది బావా, మా చెల్లెను కృష్ణపరమాత్మను జేసినవ్? జర పిల్లనగ్రోవి గూడ పెట్టరాదు!"

గది నవ్వింది. పరంధామయ్య కుంచె కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. రెండు గురువారాలు రాలేదు. మూడో గురువారం ఉమాపతి ఆయన ఇంటికి పోయి, "తమాషాకన్న బావా. రంగు సక్కగనే ఉన్నది. తప్పయింది నాది" అని బతిమాలి వెంట తెచ్చుకున్నాడు. చెప్పబడిన ఒకే ఒక్క నిజం అట్లా క్షమాపణగా మారి వెనక్కి పోయింది.

బొమ్మ పూర్తయినప్పుడు సూర్యకళ "అమ్మే నాయినా" అంది. మూడేళ్లలో ఎవరినీ నేరుగా మెచ్చుకోని శ్యామలాదేవి "బాగుంది" అంది. ఉగాదినాడు జనం ఆ బొమ్మ ముందు కొంచెంసేపు ఎక్కువ నిలబడి, మాట్లాడకుండా కదిలిపోయారు. అది గౌరవమనుకున్నాడు పరంధామయ్య. దయను తప్పుపట్టేవారుండరు, అందువల్లనే దాని వల్ల జరిగే నష్టం చాలా దూరం పోతుంది.

ఆ ఎండాకాలం ఆయన అంబర్‌పేట్ బస్సనుకొని ఎక్కి ఉప్పల్లో దిగాడు. సూర్యకళ భయపడి కంటి దవాఖానాకు తీసుకుపోయింది.

"రెండు కండ్లల్ల మోతిబిందు, శుక్లాలు" అన్నాడు డాక్టరు. "పదేండ్ల సంది పసుపు పొర కట్టుకుంట వచ్చింది. మెల్లగ వచ్చింది గనుక మీకు తెల్వలే. ముందుగాల కుడికన్ను జేద్దాం."

కుడికంటికి ఆపరేషనయ్యాక ఆషాఢంలో దళసరి కళ్లద్దాలు వచ్చాయి. లోకం నీలిమందు కలిపిన సున్నం కొట్టినట్టుగా కనిపించింది. గురువారం పఠనమందిరానికి పోయాడు. బొమ్మ ఇంకా గోడ మీదనే ఉంది. ఎడమకన్ను మూశాడు: ముందున్నది నీళ్లలోంచి తీసిన శవం ముఖం. కుడికన్ను మూసి ఎడమకన్ను తెరిచాడు: అనంతలక్ష్మి. మళ్లీ శవం. మళ్లీ అనంతలక్ష్మి. వెనక కుంచెలన్నీ ఆగిపోయాయి.

"ఎవ్వరు జెప్పలేదేంది?"

"మొదట నా కన్నే తప్పనుకున్నానండీ" అంది శ్యామలాదేవి. "కాదని తెలిశాక మీ ముఖం చూసి చెప్పలేకపోయాను."

"నేను జెప్పిన బావా" అన్నాడు ఉమాపతి తల వంచుకొని. "మల్ల నేనే కాదన్న."

పరంధామయ్య ఎవరినీ తిట్టలేదు. బొమ్మను దింపి ఇంటికి తెచ్చుకొని, కొత్త కంటితో రంగు మళ్లీ మొదలుపెట్టాడు. ముందు వేరే కాగితం మీద పక్కపక్కనే ఆరు ఛాయలు కలిపాడు. అప్పుడు తెలిసింది అసలు నష్టం. డాక్టరు చెప్పిన పదేళ్ల లెక్కన, ఆమె బతికిన చివరి ఆరేళ్లూ ఆయన ఆమెను పసుపు పొర వెనక నుంచే చూశాడు. అంతకు ముందటి ముఖాన్ని ఆ ఆరేళ్లు కప్పేశాయి. ఆరు ఛాయల్లో ఏదైనా ఆమెది కావచ్చు, ఏదీ కాకపోవచ్చు.

సూర్యకళను పిలిచాడు. ఆమె ఆలోచించకుండా మూడోదాని మీద వేలు పెట్టింది. "గిదే నాయినా. అమ్మ గిట్లనే ఉండె."

"నిజంగనా?"

"ఒట్టు."

"నీలిబొమ్మను జూసి గూడ అమ్మే అన్నవ్ గద బిడ్డా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరమే ఉంటే ఆమె ఏడ్చి తేలికపడేది. ఈసారి ఆమె నిజమే చెప్పి ఉండవచ్చు. ఆ నిజాన్ని అందుకునే దారి మాత్రం మూసుకుపోయింది. ఆయన కుంచె కడిగి పెట్టాడు.

ఎడమకంటికి ఆపరేషను తారీఖు వచ్చింది. పోలేదు.

"గా కన్ను ఉండనియ్. అండ్ల మీ అమ్మ ఉన్నది" అన్నాడు.

రోజూ పొద్దున్నే కుడి అద్దానికి అరచెయ్యి అడ్డుపెట్టుకొని, ఇంటి గోడకు తగిలించిన బొమ్మ ముందు నిలబడేవాడు. ఇరుగుపొరుగు అదేదో మొక్కు అనుకున్నారు. కంటిలోని పొర మాత్రం రోజురోజుకూ చిక్కబడుతూ వచ్చింది. సూర్యకళ దవాఖానా మాట ఎత్తినప్పుడల్లా ఆయన వేరే మాటలోకి పోయేవాడు.

1976 చలికాలంలో ఒక ఉదయం మామూలు కంటే చాలాసేపు నిలబడ్డాడు. తరువాత వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"గోడ మీద బొమ్మ తీసెయ్యి బిడ్డా."

"ఏమైంది నాయినా?"

"ఇగ గా కంటికి ఉత్త తెలుపే కనవడుతుంది."

సూర్యకళ స్టూలు వేసుకొని ఎక్కింది. ఆయన అటు చూడలేదు. ఆమె పడిపోకుండా స్టూలును రెండు చేతులా గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు.