పరిచయం సంతకం

మొన్న మా తమ్ముడి కూతురు నా ఎదుట మంచం మీద కూర్చుని, తన కేకుల వ్యాపారానికి ఫోనులోనే బ్యాంకు ఖాతా తెరిచేసింది. ఫోనుకి ముఖం చూపించింది, వేలితో నాలుగుచోట్ల నొక్కింది, అంతే. నేనిచ్చిన టీ ఇంకా సగం కూడా తాగలేదు. "అయిపోయింది అత్తా" అంది. మెచ్చుకోవాల్సిందే గాని, నాకు ఒళ్ళు మండింది. ఆ పని కోసం నేను చోడవరం మెయిన్ రోడ్డు మీద ఒక వేసవంతా కాళ్ళీడ్చాను.

తొంభైల చివరి మాట. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో సీజను పనివాడు. చెరుకు ఆడినన్నాళ్ళే పని, తర్వాత ఇంట్లో కూర్చోవడమే. నేను వీధి గదిలో మిషను పెట్టి జాకెట్లు కుట్టేదాన్ని. పని పెరిగి ఇంకో మిషను కొన్నాను, ఇద్దరు ఆడవాళ్ళు సాయానికి వచ్చారు. ఆ ఏడు ఊళ్ళో ఒక ప్రైవేటు బడి వాళ్ళు పిల్లలందరికీ యూనిఫారాలు కుడతావా అని కబురు పెట్టారు. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు. కాకపోతే వాళ్ళు చెక్కే ఇస్తారట. కొట్టు పేరున బ్యాంకులో కరెంటు ఖాతా ఉండాలట. బడులు తెరిచేలోగా అది లేకపోతే పని అనకాపల్లి వాళ్ళకి ఇచ్చేస్తామన్నారు.

బ్యాంకుకి వెళ్ళాను. అప్పుడే అక్కడికి కంప్యూటరు వచ్చింది, దాని మీద గుడ్డ కప్పి ఉంచేవారు. ఇక నుంచి అన్నీ నిమిషాల్లో అయిపోతాయని మేనేజరు చెప్పి, ఒక పొడుగాటి ఫారం చేతికిచ్చాడు. పంచాయతీ లైసెన్సు, ఫోటోలు, రబ్బరు స్టాంపు తెమ్మన్నాడు. అవి ఎలాగో తేవచ్చు. ఫారం అడుగున ఒక మూల చిన్న గడి ఉంది. ఆ బ్యాంకులో కరెంటు ఖాతా ఉన్నవాళ్ళెవరైనా 'ఈమె నాకు తెలుసు' అని అందులో సంతకం పెట్టాలట. దాన్ని పరిచయం సంతకం అంటారట. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఉంటున్న ఊరు, అదో లెక్కా అనుకున్నాను.

ముందు ఎరువుల కొట్టు షావుకారు దగ్గరికి వెళ్ళాను. వాళ్ళింటి ఆడవాళ్ళ జాకెట్లన్నీ నేనే కుట్టేదాన్ని. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పాడు.

"మీ ఆయన్ని పంపమ్మా, ఎట్టేస్తాను" అన్నాడు.

"ఖాతా నాది బాబూ."

"అవుననుకో. మీ ఆయనంటే తెలుసు. నీ సంగతి నాకేటి తెలుసు?"

రైసుమిల్లు ఆయన ఫారం ముట్టుకోనే లేదు. లోపలికెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడమన్నాడు. పాపం వాళ్ళకి ఖాతాలెక్కడివి? మజ్జిగిచ్చి, ఎండ తగ్గాక వెళ్ళమన్నారు. ఎండ తగ్గేదాకా కూర్చుంటే ఇంటి దగ్గర కుట్టేదెవరు?

ఇంటికొచ్చి గోడకి చేరబడ్డాను. మా ఆయన చూసి జాలి పడ్డాడు.

"ఎందుకొచ్చిన తిరుగుడే ఇది? నా పేరున ఎట్టీ. ఫ్యాక్టరీవోడినంటే ఎవుడైనా సంతకం ఎడతాడు. రేపటికల్లా అయిపోతాది" అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. నిజంగానే అయిపోయేది. అలసట కొద్దీ సరేననబోయి నాలుక కరుచుకున్నాను. నడుం పడిపోయేది నాది, కళ్ళు మసకబారేది నావి, సంతకం మాత్రం ఆయనదా? అలాగైతే ఆ యూనిఫారాలు అనకాపల్లి వాళ్ళే కుట్టుకోనీ అనిపించింది. మా అత్త పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అంతా విన్నది.

చివరికి దారాలూ బొత్తాలూ అమ్మే సాయిబుగారు ఒప్పుకున్నాడు. ఆయన ఇల్లు అనకాపల్లిలో, కొట్టు చోడవరంలో. రోజూ బస్సులో వచ్చిపోయేవాడు. ఆయన్నే ముందు అడగాల్సింది గాని, పెద్దవాళ్ళ సంతకమైతే బ్యాంకులో విలువుంటుందని నా వెర్రి.

"ఎప్పట్నుంచి తెలుసు అని అడుగుతన్నాడమ్మా ఇక్కడ. మా పెద్దమ్మాయి పెళ్ళికి బట్టలు కుట్టేవు కదా, అప్పట్నుంచని రాస్తాను" అని సిరా పెన్ను తీసి సంతకం పెట్టాడు. ప్రాణం లేచొచ్చింది.

ఫారం తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను. మర్నాడు స్నానం చేసి వచ్చి చూస్తే, దాని నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు. మా ఇళ్ళలో శుభలేఖకైనా కొత్త బట్టకైనా అలా పెట్టందే బయటికి తియ్యరు. మా అత్త పెట్టింది. పసుపు తడిగానే ఉంది. అడుగు మూల గడిలో సాయిబుగారి సిరా సంతకం పసుపులో కలిసి, నీలం మరకైపోయింది.

ఏమంటారో చూద్దామని అలాగే పట్టుకెళ్ళాను. మేనేజరు దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది, పెళ్ళెప్పుడు?" అన్నాడు. గుమాస్తాలందరూ నవ్వారు. కొత్త ఫారం ఇచ్చి, అన్ని సంతకాలూ మళ్ళీ చేయించుకు రమ్మన్నాడు.

ఇంటికొచ్చి అత్త మీద విరుచుకుపడ్డాను. "ఎవులు రాయమన్నారు నిన్ను పసుపు? ఈ ఇంట్లో నాను బాగుపడ్డం ఎవులికీ ఇష్టం నేదా?"

 ఆవిడ అంది, "ఏలిముద్దర దాన్ని కదే. నాను సంతకం ఎట్టలేను. నీ పనికి నాకు సేతనైంది అదొక్కటే."

 నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ నీరసం వచ్చింది. ఆవిడే లేచి చెంగు సర్దుకుని, "పద, సాయిబుగారికి నానే సెప్తాను" అంది.

వెళ్తే కొట్టు మూసి ఉంది. విశాఖపట్నంలో బంధువుల పెళ్ళికి వెళ్ళాడట. బడులు తెరిచే రోజు దగ్గరికొచ్చేస్తోంది. ఆ పెళ్ళి ఎన్నాళ్ళు చేశారోగాని, రోజూ ఆ తాళం చూసి తిరిగి రావడమే మాకు పనైంది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే నా వెనక నడిచేది, వద్దన్నా వినేది కాదు. ఆయన వచ్చాక "తప్పు నాదే బాబూ" అని తనే చెప్పుకుంది. ఆయన నవ్వి, "పసుపే కదమ్మా" అని మళ్ళీ సంతకం పెట్టాడు.

బడులు తెరిచేలోగానే బ్యాంకులో ఫారం ఇస్తే, పిలుస్తాం కూర్చోమన్నారు. గోడవారన బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతోందన్న మాటేగాని గాలి లేదు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరో ఒకావిడ పేరు గుమాస్తా పిలిచాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరో ఆ మహాతల్లి, లేచి వెళ్తే మా వంతు వస్తుంది కదా అనుకున్నాను. ఇంట్లో నేను 'ఒసే'ని, వీధిలో ఫ్యాక్టరీవోడి పెళ్ళాన్ని, కుట్టు కోసం వచ్చేవాళ్ళకి మిషనావిడని. పెళ్ళయ్యాక ఆ చోడవరంలో నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు.

మూడోసారి పిలుస్తుంటే మా అత్త మోచేత్తో పొడిచింది.

"లెగే. అది నీ పేరే కదా."

లేచాను. కౌంటరు దాకా వెళ్ళేలోపే ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఆ పేరుతో ఒక్కసారి కూడా పిలవలేదు. అయినా నాకంటే ముందు ఆవిడే విన్నది.